ముప్ఫై అడుగుల విజార్డ్: కౌంటర్‌స్పెల్ పాత్రపై దీర్ఘకాల సమీక్ష

ఎదుటివాడి మంత్రాన్ని వాడి నోట్లో ఉండగానే తుంచెయ్యడం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలతో, పాత్రలు కట్టి ఆడే ఆట) ఐదో ఎడిషన్‌లో విజార్డ్‌కి, అంటే మంత్రగాడి పాత్రకి, ఇంతకంటే తృప్తినిచ్చే పని ఇంకోటి లేదు. ఆ ఒక్క పని కోసమే కట్టిన పాత్ర మీద ఈ సమీక్ష. 2014 రూల్స్‌తోనూ, 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌తోనూ చాలాకాలం ఆడాక తేలిన లెక్కలివి. పాత్ర గట్టిదే, సందేహం లేదు. అయితే ఎదుటి మంత్రాన్ని ఆపే ఈ కౌంటర్‌స్పెల్ మంత్రాన్ని పుస్తకంలో రాసుకున్నంత మాత్రాన ఏమీ జరగదు. ఎక్కడ నిలబడాలో, రియాక్షన్‌ని (ఇతరుల టర్న్‌లో చెయ్యగల ఒక్క పనిని) ఎవరి కోసం దాచుకోవాలో తెలిసినవాళ్ల చేతిలోనే అది పని చేస్తుంది.

ముందు దూరం సంగతి, మిగతా నిర్ణయాలన్నీ దాన్నుంచే వస్తాయి కాబట్టి. మంత్రం రేంజ్ 60 అడుగులు, అంటే మ్యాప్ మీద 12 గళ్లు. కొత్తగా ఆడేవాళ్లు శత్రు మంత్రగాడికి 11, 12 గళ్ల దూరంలో నిలబడి నిశ్చింతగా ఉంటారు. వాడి టర్న్ రాగానే 30 అడుగులు వెనక్కి నడుస్తాడు, అక్కడి నుంచి ఫైర్‌బాల్ విసురుతాడు. ఫైర్‌బాల్ రేంజ్ 150 అడుగులు, వాడికి ఇబ్బందే లేదు. మీ రియాక్షన్, మీ స్లాట్ (మంత్రం వేస్తే ఖర్చయ్యే రోజువారీ కోటా) రెండూ చేతిలోనే ఉంటాయి, పార్టీ (మీ జట్టు) మాత్రం కాలిపోతుంది. 30 అడుగులు నడవగల శత్రువు మీ చెయ్యి దాటిపోకూడదంటే వాడి టర్న్ మొదలయ్యేసరికి మీరు 30 అడుగుల లోపే ఉండాలి. అంటే ఆరు గళ్లు. హిట్ డై డీ6 (ఆరు ముఖాల పాచిక, అంటే ప్రాణబలం తక్కువ) ఉన్న విజార్డ్‌కి అది బాగా ప్రమాదకరమైన చోటు. అందుకే ఈ పాత్రను వెనక వరుసలో దాక్కునే విజార్డ్‌లా కడితే సగం ఫైట్లలో ఉపయోగపడదు.

ఇక రెండు రూల్స్ మధ్య తేడా. 2014లో శత్రువు వేసేది మూడో లెవెల్ లేదా కింది మంత్రమైతే, మీరు మూడో లెవెల్ స్లాట్ పెడితే చాలు, పాచిక పని లేకుండా ఆగిపోతుంది. అంతకు పైదైతే ఇంటెలిజెన్స్ చెక్ (ఇరవై ముఖాల పాచికకి ఇంటెలిజెన్స్ బోనస్ కలపడం) వెయ్యాలి, అందుకోవాల్సిన అంకె 10 ప్లస్ ఆ మంత్రం లెవెల్. లేదా ఆ మంత్రానికి సమానమైన పెద్ద స్లాట్ పెట్టాలి. 2024లో ఇదంతా పోయింది. శత్రువే కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి దారుఢ్యంతో తట్టుకోవడానికి పాచిక) వేస్తాడు, ఓడితే మంత్రం ఆగుతుంది. మీరు పెద్ద స్లాట్ పెట్టినా అదనపు లాభం లేదు కాబట్టి ఎప్పుడూ మూడో లెవెల్ స్లాటే వాడండి. ఇంకో మార్పు చాలామంది గమనించరు: ఆగిపోయిన మంత్రం స్లాట్‌తో వేసినదైతే ఆ స్లాట్ ఖర్చు కాదు. వాడి యాక్షన్ మాత్రమే పోతుంది. అంటే కొత్త రూల్స్‌లో మీరు కొంటున్నది ఒక్క రౌండ్. ఆ రౌండ్‌లోనే ఫైటర్ వెళ్లి వాడి మీద పడకపోతే వచ్చే టర్న్‌లో అదే మంత్రం మళ్లీ వస్తుంది. ఈ మాట పార్టీకి ముందే చెప్పి పెట్టాలి. స్లాట్లు లేకుండా 'రోజుకు రెండుసార్లు' అని రాసి ఉన్న శత్రువులకు ఈ రాయితీ లేదు. రూల్‌ని అక్షరాలా చదివితే వాళ్లకు ఆ వంతు పోయినట్టే.

ఏది మేలు? మామూలు మంత్రగాళ్ల మీద రెండూ సరిసమానమే. పెద్ద విలన్ల మీద మాత్రం 2014దే పైచేయి. పదో లెవెల్ అబ్‌జ్యూరర్ (రక్షణ మంత్రాల్లో ఆరితేరిన విజార్డ్), ఇంటెలిజెన్స్ 20 అనుకోండి. 2014లో ఇంప్రూవ్డ్ అబ్‌జురేషన్ వల్ల చెక్‌కి ప్రొఫిషియెన్సీ (నైపుణ్యం బోనస్) కూడా కలిసి మొత్తం +9 అవుతుంది. ఐదో లెవెల్ మంత్రాన్ని మూడో లెవెల్ స్లాట్‌తో ఆపడానికి పాచిక మీద 6 పడితే చాలు, 75 శాతం. తొమ్మిదో లెవెల్ మంత్రమైనా 55 శాతం అవకాశం ఉంది. అదే పాత్రకు 2024లో సేవ్ డీసీ (శత్రువు అందుకోవాల్సిన అంకె) 17. కాన్‌స్టిట్యూషన్ సేవ్ +1 ఉన్న మంత్రగాడు 75 శాతం సార్లు ఓడతాడు, ఎన్నో లెవెల్ మంత్రం వేసినా సరే. కానీ +10 ఉన్నవాడు ఓడేది 30 శాతమే. పైగా ఇది సేవ్ కాబట్టి మ్యాజిక్ రెసిస్టెన్స్ ఉన్నవాడికి అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) వస్తుంది, లెజెండరీ రెసిస్టెన్స్ ఉన్నవాడు ఓడినా గెలిచానంటాడు. లెజెండరీ రెసిస్టెన్స్ కరిగించడానికి మూడో లెవెల్ స్లాట్ పెట్టడం నా లెక్కలో చవకే, కాబట్టి దాన్ని నష్టంగా చూడకండి.

పాత్ర కట్టడం గురించి. స్టాండర్డ్ అరేలో (పాత్రకి పంచుకోవడానికి ఆట ముందే ఇచ్చే అంకెల్లో) 15 ఇంటెలిజెన్స్‌కి, 14 కాన్‌స్టిట్యూషన్‌కి, 13 డెక్స్‌కి (చురుకుదనానికి). 2024లో సేజ్ బ్యాక్‌గ్రౌండ్ తీసుకుంటే ఇంటెలిజెన్స్ 17, కాన్‌స్టిట్యూషన్ 15 అవుతాయి. నాలుగో లెవెల్‌లో వార్ క్యాస్టర్ తీసుకోండి, ఇంటెలిజెన్స్ 18కి చేరుతుంది, కాన్సెంట్రేషన్ సేవ్‌లకు (నడుస్తున్న మంత్రం చెదరకుండా వేసేవాటికి) అడ్వాంటేజ్ వస్తుంది. ఎనిమిదో లెవెల్‌లో 20. కౌంటర్‌స్పెల్‌కి కావలసింది చేతి కదలిక ఒక్కటే, మాట కూడా అక్కర్లేదు. సైలెన్స్ మంత్రం లోపల ఉన్నా వెయ్యొచ్చు. కానీ వార్ క్యాస్టర్ లేకపోతే ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో కాగడా పట్టుకుని నడిచే విజార్డ్‌కి డీఎమ్ (ఆట నడిపే మనిషి) వద్దంటే అది న్యాయమే. కాగడా పని లైట్ మంత్రానికి అప్పగించండి.

ఫైటర్‌లో ఒక లెవెల్ కలిపి కవచం వేసుకుందామన్న ఆలోచన వస్తుంది. వద్దంటాను. కౌంటర్‌స్పెల్ ఐదో లెవెల్ నుంచి ఆరుకి జరిగిపోతుంది, ఆ తర్వాత ప్రతి మెట్టూ ఒక లెవెల్ ఆలస్యం. దాని బదులు ఆర్కేన్ వార్డ్‌ని (దెబ్బలు మింగే అబ్‌జ్యూరర్ మంత్ర కవచాన్ని) నమ్ముకోండి. విజార్డ్ లెవెల్‌కి రెట్టింపు, దానికి ఇంటెలిజెన్స్ బోనస్ కలిపితే వచ్చేది వార్డ్ బలం. ఐదో లెవెల్‌లో 14, పదో లెవెల్‌లో 25. పొద్దున్నే మేజ్ ఆర్మర్ వేస్తే వార్డ్ లేస్తుంది. ఆపైన మూడో లెవెల్ స్లాట్‌తో వేసిన ప్రతి కౌంటర్‌స్పెల్ దానికి 6 పాయింట్లు తిరిగిస్తుంది. 2014లో అలారం మంత్రాన్ని రిచువల్‌గా మళ్లీ మళ్లీ వేసి స్లాట్ లేకుండానే రెండేసి పాయింట్లు నింపుకునేవాళ్లం. 2024లో స్లాట్ పెట్టి వేసిన మంత్రాలకే వార్డ్ నిండుతుంది, ఆ దారి మూసుకుపోయింది. ముందు వరుసలో ఉన్న ఫైటర్ వెనక సరిగ్గా నిలబడితే బాణాల నుంచి హాఫ్ కవర్, అంటే ఏసీకి (దెబ్బ తగలాలంటే శత్రువు అందుకోవాల్సిన అంకెకి) +2 దొరుకుతుంది, చూపుకి మాత్రం అడ్డం రాదు. పైసా ఖర్చు లేని ఈ రక్షణను వదులుకోకండి.

పదో లెవెల్ 2024 అబ్‌జ్యూరర్‌కి స్పెల్ బ్రేకర్ వస్తుంది, పాత్ర అసలు రూపం అప్పుడే బయటపడుతుంది. కౌంటర్‌స్పెల్, డిస్పెల్ మ్యాజిక్ (నడుస్తున్న మంత్రాన్ని తీసేసే మంత్రం) రెండూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. మంత్రాన్ని ఆపలేకపోతే మీ స్లాట్ పోదు. డిస్పెల్ మ్యాజిక్‌ని బోనస్ యాక్షన్‌గా వెయ్యొచ్చు. ఒక రౌండ్‌ని దగ్గర్నుంచి చూడండి. మీ టర్న్: గుహ ద్వారానికి అడ్డంగా శత్రువు నిలిపిన వాల్ ఆఫ్ ఫైర్‌ని బోనస్ యాక్షన్‌తో డిస్పెల్ చేస్తారు. నాలుగో లెవెల్ మంత్రం కాబట్టి డీసీ 14, మీ చెక్ +9, పాచిక మీద 5 చాలు. ఒక టర్న్‌లో స్లాట్ పెట్టి ఒక్క మంత్రమే వెయ్యాలన్నది 2024 నియమం కాబట్టి యాక్షన్‌కి క్యాంట్రిప్ (స్లాట్ అక్కర్లేని చిన్న మంత్రం) వాడతారు: మైండ్ స్లివర్. అది తగిలితే వాడి తర్వాతి సేవ్‌లో డీ4 (నాలుగు ముఖాల పాచిక మీద పడినంత) తగ్గుతుంది. మంత్రగాళ్లకు ఇంటెలిజెన్స్ సేవ్ బాగుంటుంది కాబట్టి దాదాపు సగంసార్లే తగులుతుంది, కానీ తగిలితే ఆ 75 శాతం 87.5కి పెరుగుతుంది. వాడి టర్న్ వస్తుంది, కోన్ ఆఫ్ కోల్డ్‌కి చెయ్యి ఎత్తుతాడు, మీ రియాక్షన్. యాక్షన్, బోనస్ యాక్షన్, రియాక్షన్ మూడూ ఒకే పని మీద పెట్టిన రౌండ్ అది. జాగ్రత్త ఒకటే: ఈలోగా మీ క్లెరిక్ వాడి మీద ఇంకో సేవ్ అడిగే మంత్రం వేస్తే ఆ డీ4 అక్కడే ఖర్చయిపోతుంది. మీకూ వాడికీ మధ్య ఎవరి టర్న్‌లు ఉన్నాయో చూసి చెప్పండి.

క్యాంపెయిన్ పదో లెవెల్ లోపే ముగిసేదైతే 2024లో అబ్‌జ్యూరర్ కన్నా డివైనర్ (జోస్యం మంత్రాల విజార్డ్) మేలు. పోర్టెంట్‌లో (ముందే వేసి దాచుకునే పాచికల్లో) 4 పడిందనుకోండి, శత్రువు కాన్‌స్టిట్యూషన్ సేవ్‌కి దాన్ని తగిలించి కౌంటర్‌స్పెల్‌ని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. పాచిక వెయ్యకముందే చెప్పాలి, అంతే. వార్డ్ ఉండదు కాబట్టి ఆ 30 అడుగుల దగ్గర ఎక్కువసేపు నిలవలేరు.

ఎక్కడ దెబ్బతింటుందంటే, ఎక్కువగా రియాక్షన్ దగ్గరే. రౌండ్‌కి ఒక్కటే ఉంటుంది. షీల్డ్ మంత్రం, ప్రొజెక్టెడ్ వార్డ్ (మీ వార్డ్‌ని మిత్రుడికి అడ్డం పెట్టడం), ఆపర్చునిటీ అటాక్ (దూరం జరిగే శత్రువుని కొట్టడం) అన్నీ దాన్నే అడుగుతాయి. గాబ్లిన్ బాణానికి షీల్డ్ వేసేశాక శత్రు మంత్రగాడి టర్న్ వస్తే చూస్తూ ఉండటమే. వాడి టర్న్ ఇంకా రాని రౌండ్‌లో షీల్డ్, ప్రొజెక్టెడ్ వార్డ్ జోలికి పోకూడదని నియమం పెట్టుకోండి. వార్డ్ ఉన్నదే ఆ బాణం దెబ్బ మింగడానికి.

రెండోది చూపు. వేస్తున్నవాడు కనబడితేనే కౌంటర్‌స్పెల్. ఫాగ్ క్లౌడ్, డార్క్‌నెస్, అదృశ్యంగా ఉన్న శత్రువు, అన్నీ అడ్డే. సీ ఇన్విజిబిలిటీ గంటసేపు ఉంటుంది, కాన్సెంట్రేషన్ అడగదు, ఈ పాత్ర దగ్గర తప్పక ఉండాలి. మీ వార్‌లాక్ మిత్రుడు డార్క్‌నెస్ వేస్తే శత్రువుకన్నా ముందు గుడ్డివారయ్యేది మీరే. స్తంభం వెనక మంత్రాన్ని రెడీ చేసి పట్టుకుని, బయటికొచ్చి వదిలే తెలివైన శత్రువునూ ఆపలేరు, వెయ్యడం స్తంభం వెనకే అయిపోయింది కాబట్టి. సార్సరర్ సటిల్ స్పెల్‌కీ (మాట, కదలిక లేకుండా మంత్రం వెయ్యడానికీ) ఇదే గతి. డ్రాగన్ ఊపిరి మంత్రమే కాదు. 2025 మాన్‌స్టర్ మాన్యువల్‌లో మంత్రగాళ్ల మామూలు దాడులు చాలావరకు మంత్రాలు కావు, వాటి మీద స్లాట్ ఎత్తకండి.

ఏది ఆపాలి? హోల్డ్ పర్సన్, బానిష్‌మెంట్, వాల్ ఆఫ్ ఫోర్స్, విలన్ పారిపోవడానికి వేసే టెలిపోర్ట్. మ్యాజిక్ మిసైల్‌ని వదిలెయ్యండి, మీకే వస్తే ఒకటో లెవెల్ షీల్డ్ చాలు. ఐదో లెవెల్‌లో మూడో స్లాట్లు రెండే, ఆర్కేన్ రికవరీతో (వాడిన స్లాట్లు కొన్ని తిరిగి తెచ్చుకునే విజార్డ్ శక్తితో) ఇంకోటి. రోజంతటికీ మూడు.

2024లో మీ మంత్రాన్ని శత్రువు కౌంటర్ చేస్తే, అదే టర్న్‌లో దాన్ని తిరిగి కౌంటర్ చెయ్యడం కుదరదు, మీ స్లాట్ అప్పటికే వాడారు. 2014లో కుదిరేది, ఆ టర్న్‌లో బోనస్ యాక్షన్ మంత్రం వెయ్యకపోతే.

ఆట మొదలుపెట్టే ముందు డీఎమ్‌తో రెండు విషయాలు తేల్చుకోండి. ఒకటి, 'ఫైర్‌బాల్ వేస్తున్నాడు' అనకుండా 'మంత్రం వేస్తున్నాడు' అని చెప్పి ఆగడం. మంత్రం పేరు తెలియాలంటే 2017లో వచ్చిన ఐచ్ఛిక నియమం ఉంది: ఆర్కేనా (మంత్ర జ్ఞానం) చెక్, డీసీ 15 ప్లస్ మంత్రం లెవెల్. అది కూడా రియాక్షనే తినేస్తుంది కాబట్టి ఆ పని వేరే మిత్రుడు చేసి మీకు అరిచి చెప్పాలి. రెండోది దూరం కొలిచే పద్ధతి. ఐమూలగా గడికి 5 అడుగులని లెక్కిస్తే 12 గళ్ల దాకా అందుతారు, ఒకటి విడిచి ఒకటి 10 అడుగులని లెక్కిస్తే 8 గళ్లకే 60 అడుగులు అయిపోతాయి. ఎగిరే శత్రువుతో ఇంకా తేడా. 45 అడుగుల అవతల, 40 అడుగుల ఎత్తున ఉన్నవాడు గళ్ల లెక్కలో 45 అడుగుల దూరంలోనే ఉన్నట్టు, పైథాగరస్ లెక్కలో 60.2 అడుగులు, అంటే మీకు అందడు.