పదకొండేళ్లుగా ఓపెన్‌ఫోమ్‌తో పనిచేశాక

2014లో ఎంటెక్ ప్రాజెక్టు కోసం, గాలి, నీరు వంటి ప్రవాహాలను కంప్యూటర్‌లో లెక్కించే ఓపెన్‌ఫోమ్‌ను మొదటిసారి తెరిచాను. మా ప్రయోగశాలలో వాణిజ్య సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కొన్నే ఉండేవి, నా వంతు రాత్రికి గాని వచ్చేది కాదు. 2004 డిసెంబరు నుంచి జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతున్న ఈ సాఫ్ట్‌వేర్‌కు ఆ ఇబ్బంది లేదు. మొదలుపెట్టింది అందుకే. ఇన్నేళ్లు విడవకుండా పట్టుకున్నది మాత్రం మరో కారణంతో: ఇక్కడ వేసిన ప్రతి అంకెకూ నేనే జవాబు చెప్పుకోవాలి.

ఇందులో నొక్కడానికి బొత్తాలు లేవు. మూడు ఫోల్డర్లు, వాటిలో మామూలు టెక్స్ట్ ఫైళ్లు, అంతే. గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వస్తుందో, గోడ దగ్గర ఏమవుతుందో, సమీకరణంలో ఏ పదాన్ని ఏ పద్ధతిలో లెక్కించాలో అన్నీ చేత్తో రాయాలి. కన్వెక్షన్ పదానికి, అంటే ప్రవాహం తనతో మోసుకెళ్లే భాగానికి, మొదటి తరగతి అప్‌విండ్ పద్ధతి (గాలి వచ్చే వైపు విలువనే తీసుకునేది) ఇస్తే లెక్క హాయిగా నిలదొక్కుకుంటుంది, కానీ సుడులు అరిగిపోతాయి. వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లో ఆ ఎంపిక ఏదో మెనూ అడుగున ఉండిపోతుంది. ఇక్కడ ఆ వరుస నేనే రాశాను కాబట్టి తప్పించుకోలేను.

అహ్మద్ బాడీ నాకు అసలు పాఠం నేర్పింది. 1984 ప్రయోగాలతో ప్రసిద్ధికెక్కిన, 1044 మిల్లీమీటర్ల పొడవున్న కారు లాంటి దిమ్మె అది. వెనుక భాగం 25 డిగ్రీల వాలుతో ఉన్నప్పుడు ప్రయోగంలో గాలి వాలు పైఅంచు దగ్గర విడిపోయి, కిందికి జారుతూ మళ్లీ అతుక్కుంటుంది. సుడులను విడిగా లెక్కించకుండా సగటు ప్రవాహాన్నే లెక్కించే కె-ఒమేగా ఎస్ఎస్‌టీ నమూనాతో నేను నడిపినప్పుడు గాలి విడిపోయింది, తిరిగి అతుక్కోలేదు. రెసిడ్యువల్స్ (సమీకరణాల్లో మిగిలిన తేడాలు) అందంగా కిందికి దిగాయి, మెష్ (గాలి ఉన్న చోటును చిన్న కణాలుగా విడగొట్టిన వల) తనిఖీలో ఒక్క హెచ్చరికా లేదు, అయినా ప్రవాహమే తప్పు. మూడు వారాలు నా ఫైళ్లలోనే పొరపాటు వెతికాను. చివరికి సోర్స్ కోడ్ తెరిచి ఆ నమూనా సమీకరణాలను ఒక్కొక్క పదంగా చదివాక గాని, లోపం నా కేసులో, అంటే నేను రాసిన ఫైళ్లలో, లేదని, సగటు ప్రవాహం మీద ఆధారపడే ఆ నమూనాల పరిమితి అదేనని అర్థం కాలేదు. కోడ్ మూసి ఉంటే ఆ నమ్మకం నాకు కలిగేది కాదు.

మెష్ తయారుచేసే స్నాపీహెక్స్‌మెష్ అనే పనిముట్టు గురించి మంచి మాటలు తక్కువే. క్లిష్టమైన ఆకారాల చుట్టూ కణాలను బాగానే అమరుస్తుంది. గోడకు ఆనుకొని పలుచని పొరలు వేయమంటే మాత్రం, పదునైన మూలల దగ్గర వాటిని చెప్పకుండా వదిలేస్తుంది. పది పొరలు అడిగితే ఎన్ని వచ్చాయో లాగ్ ఫైలులో మనమే చూసుకోవాలి. పదకొండేళ్ల తరువాత కూడా నా సమయంలో సగం మెష్‌కే పోతోంది.

ఓపెన్‌ఫోమ్ రెండు శాఖలుగా విడివిడిగా వస్తుంది, ఆ సంగతి కొత్తవారు ముందే తెలుసుకోవాలి. ఫౌండేషన్ శాఖ వెర్షన్లకు 11, 12, 13 అని వరుస సంఖ్యలు వేస్తుంది. ఈఎస్ఐ శాఖ 2406, 2412 అంటూ ఏడాదినీ నెలనూ పేరుగా పెడుతుంది. ఆ ఈఎస్ఐ గ్రూపును 2023లో కీసైట్ అనే కంపెనీ కొనుగోలు చేసింది. అదే ఏడాది ఫౌండేషన్ 11వ వెర్షన్‌లో సింపుల్‌ఫోమ్, పింపుల్‌ఫోమ్ వంటి విడివిడి సాల్వర్లకు (లెక్క చేసే ప్రోగ్రాములకు) బదులు ఫోమ్‌రన్ అనే ఒకే ఆదేశాన్ని, దాని కింద మాడ్యూళ్లను తెచ్చింది. నా దృష్టిలో ఇది సరైన నిర్ణయం, ఎందుకంటే ఒకే కోడ్ పది చోట్ల పునరావృతం కావడం ఆగింది. అయితే నా పాత కేసులన్నీ ఒక్క దెబ్బతో నడవడం మానేశాయి. ఫైళ్ల పేర్లు కూడా మారడంతో ఒక శాఖకు రాసిన పాఠం మరో శాఖలో పనికిరాదు. ఏ పాఠం చదివినా ముందు అది ఏ శాఖదో, ఏ వెర్షన్‌దో చూడండి.

జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) విషయంలో ఓపెన్‌ఫోమ్ వెనుకబడే ఉంది. వాణిజ్య సాల్వర్లు కొన్ని మొత్తం లెక్కను జీపీయూ మీదికి తీసుకెళ్లాయి. ఇక్కడ పెట్‌స్క్ వంటి బయటి లైబ్రరీలతో సమీకరణాల పరిష్కారాన్ని మాత్రం జీపీయూకు పంపవచ్చు. మిగతా పని సీపీయూ మీదే సాగుతుంది కాబట్టి, అటూ ఇటూ డేటా మోయడంలో లాభం కొంత కరిగిపోతుంది.

కృత్రిమ మేధ వైపు మాత్రం ఓపెన్‌ఫోమ్‌కు పెద్ద పాత్ర దక్కింది. 2024లో ఎంఐటీ పరిశోధకులు విడుదల చేసిన డ్రైవేర్‌నెట్ ప్లస్ ప్లస్ అనే డేటా సేకరణలో 8,000కు పైగా కారు ఆకారాల ఫలితాలున్నాయి, అవన్నీ దీనితో లెక్కించినవే. వాడింది నాకు పాఠం నేర్పిన ఆ సగటు ప్రవాహ పద్ధతినే. అలాంటి డేటా మీద నేర్చుకున్న న్యూరల్ నెట్‌వర్క్ సెకన్లలో జవాబిస్తుంది, ఆ జవాబులో పాత నమూనా పొరపాటు కూడా చేరి ఉంటుంది. అదే ఏడాది వచ్చిన డ్రైవేర్‌ఎంఎల్ అనే మరో సేకరణలో 500 ఆకారాలే ఉన్నా, పెద్ద సుడులను నేరుగా లెక్కించే పద్ధతి వాడారు. నేను దానినే ఎక్కువ నమ్ముతాను.

ఇప్పుడు 13వ వెర్షన్‌లోకి పాత కేసులను ఒక్కొక్కటిగా మారుస్తున్నాను. 25 డిగ్రీల అహ్మద్ బాడీతోనే మొదలుపెట్టాను, ఈసారి గోడ దగ్గర సగటు లెక్కనూ, దూరంగా పెద్ద సుడుల లెక్కనూ కలిపే హైబ్రిడ్ పద్ధతితో. నిన్న రాత్రి వేగపు పటం తెరిచి చూస్తే, వాలు మీద గాలి కిందికి వచ్చి అతుక్కుంటోంది.