ఎస్‌ఎంపీఎస్ టెస్టర్: కొన్నేళ్ల వాడకం తరువాత

విడిభాగాలు కొని ఇంట్లోనే కూర్చుకున్న కంప్యూటరు స్విచ్ నొక్కినా ఉలకకుండా పలకకుండా ఉండిపోయినప్పుడు, లోపం కంప్యూటరుకు కరెంటు అందించే పెట్టె అయిన ఎస్‌ఎంపీఎస్‌లో ఉందా, మదర్‌బోర్డులో ఉందా అని తేల్చుకోవడానికి చిన్న తెర ఉన్న టెస్టరు ఒకటి కొన్నాను. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో కొన్నేళ్లుగా దాన్ని వాడుతున్నాను. ఎస్‌ఎంపీఎస్ పోయిందని ఈ పరికరం చెబితే నమ్మవచ్చు. బాగుందని చెబితే మాత్రం వోల్టేజి కొలిచే మల్టీమీటరుతో చూసుకోనిదే నమ్మకూడదు.

బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టరును టెస్టరుకు గుచ్చగానే, మదర్‌బోర్డు ఇవ్వవలసిన ఆజ్ఞను టెస్టరే ఇచ్చి ఎస్‌ఎంపీఎస్‌ను నడిపిస్తుంది. పేపర్ క్లిప్పు వంచి పచ్చ తీగను నల్ల తీగతో కలిపినా ఇదే పని జరుగుతుంది కానీ, ఇప్పుడు చాలా వాటిలో తీగలన్నీ నల్లగానే వస్తున్నాయి కనుక పచ్చ తీగ ఉండవలసిన 16వ పిన్ను ఎక్కడుందో లెక్కపెట్టుకోవాలి. ఆ తడబాటు దీనితో తప్పుతుంది. 12, 5, 3.3 వోల్టుల లైన్లు విడివిడిగా కనిపిస్తాయి. అనుమతించిన తేడా 5 శాతమే కాబట్టి 12 వోల్టుల లైను 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి. నాకు అన్నిటికంటే పనికొచ్చింది, వోల్టేజీలు సరిగ్గా ఉన్నాయని బోర్డుకు తెలిపే 'పవర్ గుడ్' సంకేతం ఎన్ని మిల్లీసెకన్లకు వచ్చిందో చూపే అంకె. అది 100కూ 500కూ మధ్య ఉండాలి. సాధారణ మల్టీమీటరు దీన్ని చూపలేదు.

ఇక లోపం సంగతి. టెస్టరు ఎస్‌ఎంపీఎస్ మీద వేసే లోడు నామమాత్రమే. లాసన్స్ బే కాలనీలో ఉంటున్న మా తమ్ముడి కంప్యూటరు ఆగిపోయినప్పుడు టెస్టరు అన్ని లైన్లూ సరిగ్గానే ఉన్నాయంది, కంప్యూటరు ఆపి ఉన్నప్పుడు కూడా బోర్డుకు అందే స్టాండ్‌బై వోల్టేజి 5.0 అని చూపింది. కనెక్టరును తిరిగి బోర్డుకు పెట్టి, మల్టీమీటరు ఎర్ర మొనను వెనకనుంచి 9వ పిన్నులోకి, నల్ల మొనను గ్రౌండు పిన్నులోకి దూర్చి చూస్తే, అదే స్టాండ్‌బై 4.2 దగ్గర ఊగుతోంది. ఆ వోల్టేజి నిలబడనిదే స్విచ్ నొక్కిన సంగతి బోర్డుకు తెలియదు. వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలిస్తే అదే బోర్డు మీద 5 దగ్గర నిలబడింది, కంప్యూటరు వెంటనే లేచింది. బోర్డు పోయిందనుకుని కొత్తది కొని ఉంటే ఆ డబ్బంతా వృథా అయ్యేది.

సముద్రం దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలి వల్ల పిన్నులకు చిలుము పడుతుంది. టెస్టరు సాకెట్టు కూడా అందుకు మినహాయింపు కాదు. నాది నల్లబడటం మొదలైనప్పటి నుంచి, వాడిన వెంటనే సిలికా జెల్ పొట్లంతో పాటు మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెడుతున్నాను.

అసలు టెస్టరు దాకా వెళ్లే ముందు చూడవలసినవి ఉన్నాయి: ఎస్‌ఎంపీఎస్ వెనక ఉన్న మీట, ప్రాసెసరుకు వెళ్లే 8 పిన్నుల తీగ, క్యాబినెట్ స్విచ్. బోర్డు మీద స్విచ్ తీగ తీసేసి ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవరు మొనతో క్షణంపాటు కలిపితే, లోపం స్విచ్‌దో కాదో తెలిసిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పవద్దు. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా లోపలి కెపాసిటరులో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

ఈ పరికరం కొన్నవారు దాన్ని మరో పనికి కూడా తప్పక వాడాలి. ఊడదీయగల తీగలు ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లలో ఒక కంపెనీ తీగ మరో కంపెనీ పెట్టెకు చక్కగా అమరవచ్చు కానీ, పెట్టె వైపు పిన్నుల వరుస వేరుగా ఉండవచ్చు. తీగ మార్చినప్పుడల్లా దాన్ని ముందు టెస్టరుకు తగిలించి చూడండి. 5 వోల్టులు రావలసిన చోటికి 12 వస్తే, కాలిపోయేది టెస్టరు అవుతుంది కానీ హార్డ్ డిస్కు కాదు.