రంగుల గ్లాస్ ఫిష్ కొనబోయేవారికి హెచ్చరిక

గాజులాంటి ఒంటిమీద గులాబీ, ఆకుపచ్చ, నారింజ చారలతో మెరిసే చిన్న చేపలను ‘డిస్కో ఫిష్’ అని చూపిస్తే దయచేసి కొనకండి. ఆ రంగు చేపది కాదు, సూదితో ఒంట్లోకి ఎక్కించినది.

దసరా సెలవుల్లో మా అమ్మాయి ముచ్చటపడితే జత 120 రూపాయల చొప్పున ఎనిమిది తెచ్చాను. ‘విదేశీ రకం సార్, పుట్టుకతోనే ఈ రంగు’ అన్నాడు దుకాణదారు. మూడు వారాలు తిరక్కముందే రెక్కల మీద కాలీఫ్లవర్ ముక్కల్లాంటి తెల్లటి బుడిపెలు లేచాయి. ఐదు చచ్చిపోయాయి. చేపల పెంపకం చదువుకున్న మిత్రుడు చూసి, ఇది లింఫోసిస్టిస్ అనే వైరస్ జబ్బు, దీనికి మందు లేదన్నాడు. సూది గాయాలున్న చేపకు ఇలాంటివి సులువుగా అంటుకుంటాయట.

నాకు మరీ ఒళ్లు మండింది ‘విదేశీ’ అన్న మాటకు. ఈ చేప మనదే! శాస్త్రీయ నామం పరాంబాసిస్ రంగా. గంగానది చేపలను పరిశీలించిన హామిల్టన్ 1822లోనే దీన్ని వర్ణించాడు. పెరిగితే ఏడెనిమిది సెంటీమీటర్లు. వెన్నుముల్లు, పొట్టలోని వెండి సంచీ బయటికే కనిపిస్తాయి. దీని సొంత రంగల్లా లేత పసుపు ఛాయ, మగచేప రెక్కల అంచున సన్నటి నీలం.

ఒకే తొట్టిలో ఒకే రకం చేపలు తలా ఒక రంగులో, వీపు వెంబడి పెన్నుతో గీసినట్టు కనిపిస్తే అనుమానించండి. నియాన్ టెట్రా అనే చేపను మాత్రం ఇలా రంగు ఎక్కించినదే అనుకోకండి. అమెజాన్ ప్రాంతపు ఆ చేప నీలి, ఎర్ర చారలు సహజమైనవే, అన్నింటికీ ఒకే తీరున ఉంటాయి.

దుకాణానికి వెళ్లి నిలదీస్తే, నీళ్లు మార్చడంలో నాదే పొరపాటన్నాడు. రంగు వేయని గ్లాస్ ఫిష్ ఉందా అని అడిగాను. ‘దాన్ని ఎవరు కొంటారు సార్?’ అని నవ్వాడు. డబ్బు సంగతి ఇక ఎత్తలేదు.

ఇప్పటికే కొన్నవారు వాటిని మిగతా చేపలతో కలపకుండా వేరే తొట్టిలో ఉంచండి. పొడి మేత సరిగా ముట్టవు, దోమ లార్వాలు వేస్తే ఎగబడి తింటాయి. మా ఇంట్లో మిగిలిన మూడింటి రంగు అప్పుడే వెలవెలబోతోంది.