సర్జరీ నావిగేషన్‌లో ఏది మేలు: కెమెరానా, అయస్కాంత క్షేత్రమా?

వెన్నుపూసలోకి స్క్రూ దించుతున్నప్పుడు పరికరం కొస ఎముకలో ఎక్కడుందో సర్జన్‌కు కంటితో కనిపించదు. పక్కనున్న స్క్రీన్‌లో, రోగి సీటీ స్కాన్ బొమ్మ మీద మాత్రం ఆ కొస కదులుతూ కనిపిస్తుంది. చేతిలోని పరికరం ఎక్కడుందో ఆ యంత్రానికి తెలిసేది ముఖ్యంగా రెండు దారుల్లో. ఒకటి కెమెరా, రెండోది అయస్కాంత క్షేత్రం.

కెమెరా పద్ధతిలో బల్లకు కాస్త దూరంగా స్టాండు మీద ఒక అడ్డపట్టీ ఉంటుంది. దాని రెండు చివర్లా రెండు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు. పరికరం పిడికి నాలుగు చిన్న గోళీలు బిగిస్తారు. కెమెరాల చుట్టూ ఉన్న లైట్ల వెలుగు ఆ గోళీల మీద పడి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. మన రెండు కళ్లు దూరాన్ని పసిగట్టినట్టే, రెండు కెమెరాలు రెండు కోణాల నుంచి చూసి గోళీ ఎక్కడుందో లెక్కగడతాయి. మూడు గోళీలు కనిపిస్తే చాలు, పరికరం ఎటు వాలిందో కూడా తెలిసిపోతుంది. గోళీలకు బదులు వాటంతట అవే వెలిగే ఎల్‌ఈడీలు పెట్టే రకం కూడా ఉంది. అది బాగానే పనిచేస్తుంది గానీ బ్యాటరీనో వైరునో భరించాలి.

అయస్కాంత పద్ధతిలో రోగి పక్కనో కిందో ఒక పెట్టె పెడతారు. అది చుట్టూ చిన్న మేర క్షేత్రాన్ని పుట్టిస్తుంది. సూది కొసలోనే సన్నని తీగచుట్ట ఉంటుంది. ఆ చుట్టలో పుట్టే కరెంటును బట్టి కొస ఎక్కడుందో తెలుస్తుంది. ఎవరు అడ్డం నిలబడ్డా ఫర్వాలేదు, కొస శరీరంలో ఎంత లోతున ఉన్నా ఫర్వాలేదు.

ఇంతవరకూ వింటే రెండోదే మేలనిపిస్తుంది. కెమెరాతో పనిచేసేటప్పుడు అసిస్టెంట్ తల వంచితే చాలు, స్క్రీన్‌లో పరికరం మాయం. కీలకమైన చోటే ఇలా జరిగితే ఎంత చిరాకో! కానీ నా ఓటు ఆ చిరాకుకే. కనబడనప్పుడు కెమెరా కనబడలేదని ఒప్పుకుంటుంది. అయస్కాంత క్షేత్రం అలా కాదు. దగ్గరలో డ్రిల్లో, స్టీలు పరికరమో ఉంటే క్షేత్రం వంకర పోతుంది. స్క్రీన్‌లో కొస మాత్రం అలాగే కనిపిస్తూ ఉంటుంది, ఉండాల్సిన చోటికి కాస్త పక్కగా. తేడాను పసిగట్టే ఏర్పాట్లు కొన్ని యంత్రాల్లో ఉన్నా టెన్షన్ మాత్రం పూర్తిగా పోదు.

అలాగని కెమెరా అబద్ధమే ఆడదని కాదు. ఒక గోళీ అంచున రక్తపు చుక్క పడిందనుకోండి. కెమెరాకు గోళీ అంటే ఒక వెలుగు బిళ్ల, ఆ బిళ్ల నడిమధ్యే దానికి గుర్తు. ఒక పక్క మసకబారితే నడిమధ్య రెండో పక్కకు జరుగుతుంది. జరిగింది బాగా ఎక్కువైతే గోళీల మధ్య దూరాలు కుదరక సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది. వెంట్రుకవాసి అయితే ఊరుకుంటుంది. ఇక్కడే లెక్క తిరగబడుతుంది. గోళీల మధ్య 5 సెంటీమీటర్లే ఉండి, వాటి నుంచి కొస 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, గోళీ దగ్గర పావు మిల్లీమీటరు తప్పు కొస దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఒక మిల్లీమీటరు. అందుకే బ్రోచర్‌లో రాసిన కొలత చూసి మురిసిపోకూడదు. అది గోళీ సంగతి, కొస సంగతి కాదు.

పైగా కెమెరా కొసను చూడనే చూడదు, పిడిని చూసి ఊహిస్తుంది. సన్నని సూది లోపల వంగితే దాని లెక్కలో అది ఇంకా తిన్నగానే ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లే క్యాథెటర్ (సన్నని గొట్టం) లాంటి మెలికలు తిరిగే వాటికి కెమెరా పనికిరాదు. అక్కడ అయస్కాంతానిదే పైచేయి, ఇందులో వాదనే లేదు. వెన్నుపూస, మోకీలు లాంటి ఎముకల పనికి, గట్టి పరికరాలకు మాత్రం కెమెరానే.

మామూలు వెలుతురులో నలుపు తెలుపు గళ్ల గుర్తులను చదివే కెమెరాలూ ఉన్నాయి. గళ్లను అచ్చు వేసుకోవచ్చు కాబట్టి సులువే, కానీ థియేటర్ లైట్ల మెరుపు పడితే తడబడతాయి. ఏ గుర్తూ లేకుండా ఎండోస్కోప్ వీడియోలోనే పరికరాన్ని గుర్తుపట్టే ఏఐ పద్ధతులు ముచ్చటగా ఉంటాయి. పొగ, రక్తం నిండిన దృశ్యంలో వాటిని నమ్మి డ్రిల్ పట్టుకోమంటే నేనైతే వద్దంటాను.

ఏది ఎంచుకున్నా తప్పని తలనొప్పి రిజిస్ట్రేషన్, అంటే స్కాన్ బొమ్మను బల్ల మీది మనిషితో సరిపెట్టడం. మెదడు ఆపరేషన్‌లో పుర్రె తెరిచి, పొర కోశాక మెదడు కుంగుతుంది. స్కాన్ మాత్రం పాతదే, దాన్ని ఏ ట్రాకరూ సరిచేయలేదు. వెన్నెముక ఎక్కడుందో యంత్రానికి చెప్పేందుకు దానికి బిగించే గుర్తుల చట్రం, అంటే రెఫరెన్స్ ఫ్రేమ్‌కు ఎవరి మోచేయి తగిలినా అంతే సంగతులు. కాబట్టి స్క్రూ దించే ముందు పరికరం కొసను, కంటికి కనిపించే ఒక ఎముక అంచు మీద ఆనించి, స్క్రీన్‌లోనూ అక్కడే ఆనిందా అని చూస్తారు. ఆనకపోతే రిజిస్ట్రేషన్ మళ్లీ మొదటి నుంచి.