జార్జియన్ సంయుక్తాక్షరాలకి నోరు తిరగాలంటే ఏ సాధన మేలు?

జార్జియాకి మెడిసిన్ చదవడానికి వెళ్లే మన పిల్లలు చాలామంది రాజధాని పేరు దగ్గరే తడబడతారు. "టిబిలిసి" అనేస్తారు. అక్కడివాళ్లు మొదటి రెండు హల్లుల మధ్య అచ్చు లేకుండా "థ్బిలిసి" అంటారు. ఊరి పేరు ఎలా అన్నా టాక్సీ అతనికి అర్థమవుతుంది. ఆస్పత్రిలో పేషెంట్ ముందు నిలబడి "మీకేం నొప్పిగా ఉంది?" అని అడగాలంటే మాత్రం "రా గ్త్కివాథ్?" అనాలి. అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

ఇలాంటి మాటలు నేర్చుకోవడానికి మామూలుగా పట్టే దారులు మూడు. హల్లుల మధ్య అచ్చులు ఇరికించి పలికి, తర్వాత వాటిని తీసేయడం ఒకటి. మాటను చివరి నుంచి కట్టుకుంటూ రావడం ఇంకొకటి. నోరు తిరగని వాక్యాలు వల్లెవేయడం మూడోది.

మొదటిది మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. బస్‌ని బస్సు, స్కూల్‌ని ఇస్కూలు చేసుకున్నవాళ్లం కదా. "గుతుకివాత్" అని మొదలుపెట్టి, వేగం పెంచుకుంటూ పోతే ఉకారాలు వాటంతటవే పోతాయనుకుంటాం. అవి పొట్టివవుతాయి తప్ప పోవు. పైగా ఆ మాటలో "త్క" విడదీయకూడని జంట. నాలుక కొన, నాలుక వెనక భాగం దాదాపు ఒకేసారి వదులుతాయి. జార్జియన్‌లో ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి. జంటలో రెండు హల్లులదీ ఒకే స్వభావం. "థ్ఖ్వెన్" (మీరు) అనే మాటలో రెండూ గాలి గట్టిగా వదిలి పలికే ఒత్తు హల్లులు (మహాప్రాణాలు). "గ్త్కివాథ్"లోని త, క రెండూ గొంతు బిగబట్టి పలికేవి. మధ్యలో అచ్చు దూరిస్తే జంట విరిగిపోతుంది.

అలాగని ఈ పద్ధతి పూర్తిగా దండగ అనను. "థ్బిలిసి"లో నాలుక కొన మీది హల్లు ముందు, పెదాల హల్లు తర్వాత వస్తాయి. నోటి వెనక నుంచి ముందుకి వచ్చే ఇలాంటి వరసల్లో జార్జియన్లు మొదటి హల్లును కాస్త విడిచాకే రెండోది అందుకుంటారు. లేకపోతే పెదాలు ముందే మూసుకుని "థ" వినపడదు. కాబట్టి అలాంటి మాటలకి మొదట్లో చిన్న అచ్చు ఆసరా పనికొస్తుంది. "బ్గెరా" (ధ్వని) లాంటి మాటల్లో వరస తిరగబడుతుంది, హల్లులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కువగా జరుగుతాయి. అక్కడ ఆ ఆసరా అడ్డం.

నా ఓటు రెండో దారికే. "ఆథ్", "ఇవాథ్", "కివాథ్" అని వెనక నుంచి రండి. తర్వాత "త్" విడిగా చేర్చకుండా "త్కివాథ్" అని జంటగానే పట్టుకోండి. చివరికి "గ్" తగిలించండి. అలవాటైన ముక్క ఎప్పుడూ మాట చివర్లోనే ఉంటుంది కాబట్టి, కొత్త హల్లు వచ్చి చేరిన ప్రతిసారీ నోరు తెలిసిన చోటికే వెళ్తుంది. జార్జియన్ నేర్చుకునేవాళ్లని భయపెట్టే "గ్వ్‌ఫ్ర్త్స్ఖ్వ్ని" (నువ్వు మమ్మల్ని ఒలుస్తున్నావు) కూడా ఇలాగే లొంగుతుంది. అందులో ఎనిమిది హల్లులకి ఒక్కటే అచ్చు. ముందున్న "గ్వ్" అంటే "మమ్మల్ని", అది పక్కన పెడితే మిగిలేది ఒలిచే క్రియే. "ని, వ్ని, ఖ్వ్ని, త్స్ఖ్వ్ని..." అంటూ వస్తే "త్స్ఖ్" అనే జంట దగ్గర తప్ప పెద్దగా ఆగక్కర్లేదు. "చాలు", "చలి" అనేటప్పుడు మనం పలికే దంత్య చకారానికి ఒత్తు ఇస్తే ఆ "త్స్" దగ్గర్లోకి వచ్చేస్తుంది. ఈ విషయంలో తెలుగువాళ్లం అదృష్టవంతులం.

ఒత్తు తేడా సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవడానికి అరచేయి నోటి ముందు పెట్టుకోండి. "థ్ఖ్వెన్" అన్నప్పుడు గాలి తగలాలి, "త్కి" అన్నప్పుడు దాదాపు తగలకూడదు. ఇక్కడ మనవాళ్లు జాగ్రత్తపడాలి. ఒత్తులు రాతలో పెట్టి, మాటలో వదిలేసే అలవాటు మనలో చాలామందికి ఉంది.

ఇక మూడోది. కప్ప నీళ్లలో బెకబెకమంటోందని చెప్పే "బకకి త్స్కల్షి కికినెబ్స్" అనే వాక్యం జార్జియన్లు ప్రతి విదేశీయుడి చేతా అనిపిస్తారు. సరదాగా ఉంటుంది, నలుగురూ కలుస్తారు. కానీ అది పరీక్షించేది కొండనాలుక దగ్గర బిగబట్టి పలికే ఆ "క"ని. అందులో మన నోటికి నిజంగా కొత్త సంయుక్తం "త్స్క" ఒక్కటే. ఆ "క" కోసమైతే రోజూ అనండి, సంయుక్తాల కోసమైతే ఆ టైమ్ "గ్త్కివాథ్"కి, "మ్త్కివా" (నాకు నొప్పిగా ఉంది) అనే జవాబుకి ఇవ్వండి. వార్డులో మీరు అడిగేది మొదటిది, పేషెంట్ నోట వినేది రెండోది.