వర్చువల్ ర్యామ్‌తో ఫోన్ వేగం పెరుగుతుందా? చాలాకాలం వాడి చూశాక

నా ఫోన్‌లో అసలు ర్యామ్ 4 జీబీ. దానికి తోడు సెట్టింగ్స్‌లో వర్చువల్ ర్యామ్ (స్టోరేజీలో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుకునే ఏర్పాటు) ఉంది: ఆఫ్, 2 జీబీ, 4 జీబీ. మార్చిన ప్రతిసారీ రీస్టార్ట్ చేయాలి. నెలల తరబడి మూడూ మార్చి మార్చి వాడాను. ఫోన్ వేగం పెరగలేదు, వేగం కొలిచే బెంచ్‌మార్క్ స్కోరూ కదల్లేదు. పెరిగిందల్లా వెనకాల తెరిచి ఉంచిన యాప్‌ల ఆయుష్షే.

అది బాగా తెలిసేది ఓటీపీ దగ్గర. ఆఫ్‌లో ఉన్నప్పుడు మెసేజ్ చూసి వెనక్కొచ్చేసరికి బ్యాంకు యాప్ మళ్లీ లాగిన్ అడిగేది. 4 జీబీ పెట్టాక చాలావరకు వదిలిన చోటే ఉంటోంది.

అసలు చిక్కు పొద్దున్నే. రాత్రి వదిలేసిన బ్రౌజర్ తెరిస్తే అదే పేజీ కనిపిస్తుంది గానీ వేలు పెట్టి జరిపితే కదలదు. కీబోర్డు సగం పైకొచ్చి ఆగుతుంది. స్టోరేజీలోకి వెళ్లిన మెమరీ 4 కేబీ ముక్కలుగా (వీటినే పేజీలంటారు) తిరిగి రావాలి మరి. అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకొచ్చే పనిలో వేగమైన యూఎఫ్‌ఎస్ రకం స్టోరేజీ కూడా ర్యామ్ దరిదాపుల్లోకి రాదు, అంతకన్నా నెమ్మదైన ఈఎంఎంసీ రకం అయితే చెప్పనక్కర్లేదు. స్టోరేజీ నిండుతున్నకొద్దీ ఈ తడబాటు ఇంకా ఎక్కువైంది.

ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. వర్చువల్ ర్యామ్ ఆఫ్ చేసినా స్వాప్ (వాడని మెమరీని పక్కకు పంపే పద్ధతి) మొత్తం పోదు. ఏడీబీతో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే సాధనం) చూస్తే నా ఫోన్‌లో స్వాప్ టోటల్ సున్నా కాలేదు. అది జెడ్‌ర్యామ్. వాడని పేజీలను కుదించి ర్యామ్‌లోనే దాస్తుంది. ప్రాసెసర్‌కు కాస్త పని పెరుగుతుంది, అయినా స్టోరేజీకి వెళ్లి రావడం కన్నా ఎన్నో రెట్లు నయం.

రూట్ చేసిన (సిస్టమ్‌పై పూర్తి అధికారం తీసుకున్న) పాత ఫోన్‌లో స్వాపీనెస్ (స్వాప్‌ను ఎంతగా వాడాలో చెప్పే అంకె) కూడా కదిలించి చూశాను. లైనక్స్‌లో మామూలుగా 60 ఉంటుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో 100. ‘10కి తగ్గించండి’ అన్నది హార్డ్ డిస్కుల కాలం నాటి సలహా, ఫోన్‌కు నప్పదు. తగ్గించగానే యాప్‌లు నెమ్మదిగా తెరుచుకున్నాయి. స్వాప్‌కు పంపడం తగ్గితే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్, ఫైల్ క్యాష్‌ను (ఫైళ్లను ర్యామ్‌లో అట్టిపెట్టే చోటు) ఖాళీ చేస్తుంది, యాప్‌ల కోడ్ ఉండేది అందులోనే. 100కి తెచ్చాక మళ్లీ కుదుటపడింది.

ఇప్పుడు 2 జీబీ దగ్గర ఉంచాను. ఇంట్లో ఇంకో ఫోన్ ఉంది, 8 జీబీది. దాంట్లో ఎప్పుడో ఆఫ్ చేశాను, వాడేవాళ్లకు ఇప్పటికీ తెలీదు.