స్టీలు వైరా, డైనీమా తాడా: చిన్న కాటమరాన్‌కి ఏది మేలు?

సంక్రాంతి దాటి, కాకినాడ ఒడ్డున ఇసుక మీద పడవలకు కవర్లు తీసే రోజుల్లో నలుగురైదుగురు నన్ను ఒకే మాట అడిగారు. "స్టే వైర్లు పాతబడ్డాయి. మళ్లీ స్టీలే వేయమంటారా, డైనీమా తాడు వేయమంటారా?" స్టే అంటే తెరచాప కట్టే స్తంభాన్ని, అంటే మాస్ట్‌ని, ముందు నుంచీ పక్కల నుంచీ లాగి నిలబెట్టే వైరు. డైనీమా అంటే చాలా గట్టి ప్లాస్టిక్ నారతో అల్లిన తాడు. మా 16 అడుగుల కాటమరాన్‌కి, అంటే రెండు పొట్టలున్న తెరచాప పడవకి, ఈ ఏడాది నేనూ అదే తేల్చుకోవాల్సి వచ్చింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా వైరు తెగలేదు, తెగబోయింది. మాస్ట్ దించి పాత పంచె ముక్కతో తుడుస్తుంటే, కింది చివర ప్రెస్ చేసిన గొట్టం మూతి దగ్గర గుడ్డ పట్టేసింది. వంగి చూస్తే 19 పోగుల్లో ఒకటి తెగి, వెంట్రుకలా పైకి లేచి ఉంది. మూతి చుట్టూ టీ మరకలాంటి గోధుమరంగు గీత. మిగతా వైరంతా కొత్తదానిలా మెరుస్తోంది. ఆ గొట్టాన్ని గ్రైండర్‌తో నిలువునా కోయిస్తే లోపల మరో నాలుగు పోగులు నల్లబడి, గోరుతో వంచగానే విరిగిపోయాయి. అంతకు ముందు ఆదివారమే ఆ వైరు మీద నమ్మకంతో ఇద్దరం ట్రపీజ్‌కి (మాస్ట్ నుంచి దిగే వైరుకి నడుం తగిలించుకుని పడవ బయటికి వాలడం) వేలాడుతూ హోప్ ఐలాండ్ దాకా వెళ్లొచ్చాం.

స్టెయిన్‌లెస్ స్టీలుకి తుప్పు పట్టకుండా కాపాడేది దాని ఒంటి మీదుండే పల్చటి క్రోమియం ఆక్సైడ్ పొర. గాలి ఆడితేనే ఆ పొర మళ్లీ మళ్లీ కట్టుకుంటుంది. గొట్టం లోపల సందులో ఉప్పునీరు నిలిచిందంటే అక్కడ ఆక్సిజన్ అందదు, పొర కట్టదు, తుప్పు లోపలికి తొలుచుకుపోతుంది. బయట నిగనిగలాడుతూనే ఉంటుంది. మన దగ్గర ఇది మరీ ఎక్కువ. పడవ నెలల తరబడి ఒడ్డునే ఉంటుంది, గాలిలో తేమ ఆరదు, గొట్టంలో దిగిన ఉప్పు ఎండుతూ నానుతూ ఉంటుంది.

బలం రెండింటికీ కావలసినంత ఉంది. 4 మిల్లీమీటర్ల 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వైరు సుమారు టన్నూ పావు బరువుకి తెగుతుంది. 5 మిల్లీమీటర్ల డైనీమా రెండు టన్నులు దాటుతుంది. కాబట్టి నేను చూసింది ఒక్కటే: పాడవుతున్నప్పుడు అది నా కంటికి కనిపిస్తుందా? పోటు తగ్గి పాటు నీరు నది మొగలోంచి బయటికి లాగుతున్న వేళ మాస్ట్ పడిపోతే, మోటారు లేని పడవ నీటితో పాటు సముద్రంలోకి పోవాల్సిందే. ఈ ప్రశ్న దగ్గర తాడే నెగ్గింది. డైనీమా పైనుంచి పాడవుతుంది. రాసుకున్న చోట నూగు లేస్తుంది, ఎండకి బిరుసెక్కి రంగు వెలుస్తుంది. చేత్తో తడిమితే తెలిసిపోతుంది.

అలాగని స్టీలుని కొట్టిపారేయలేను. ఇసుక మీద ఈడ్చినా, ఎవరైనా దాని మీద అడుగేసినా, పక్కన బీడీ నిప్పు పడినా స్టీలుకి ఏమీ కాదు. డైనీమా 150 డిగ్రీల లోపే కరిగిపోతుంది. క్లాసు రేసులకి (ఒకే రకం పడవల మధ్య పోటీలకి) వెళ్లే ఆలోచన ఉంటే ముందు నిబంధనలు చూసుకోండి. తాడు ఒప్పుకోకపోతే ఇక చర్చే లేదు, స్టీలే. అప్పుడు మాత్రం 316 రకమే కొనండి. అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పుకి తట్టుకునేది దానివల్లే. 304 వంటింటి సింకుకి బాగుంటుంది, సముద్రానికి చాలదు. కౌంటర్ దగ్గర అయస్కాంతం పెట్టి చూపించి "అంటుకోలేదు కదండీ, ఇది 316" అంటారు. నమ్మకండి. 304 కూడా చాలావరకు అంటుకోదు. నట్లు, బోల్టుల తల మీద ఎ4 అని ఉంటే 316 రకం, ఎ2 అని ఉంటే 304 రకం. ఏ గుర్తూ లేని షాకిల్‌ని (వైరుని తగిలించే స్టీలు కొక్కేన్ని) నేను మాస్ట్ దగ్గరికి రానివ్వను. స్టీలు వైరు అడిగితే షాపులో ఎక్కువగా ఇచ్చేది 7 ఇంటూ 19 రకం, అంటే 19 పోగుల పురులు ఏడు కలిపి పేనింది. మెత్తగా వంగుతుంది, కప్పీ మీద నడిచే తాడుకి అదే సరి. స్టేకి మాత్రం అది సాగుతుంది. స్టేకి గట్టిగా ఉండే 1 ఇంటూ 19, అంటే 19 పోగులు ఒకే పురిగా ఉన్నది, కావాలి. చివరలు సరైన మెషీన్ మీద ప్రెస్ చేయించాలి. సుత్తితో కొట్టి నొక్కిన గొట్టాలు వద్దే వద్దు. పోయినసారి మా వైర్లు చెన్నై పంపి చేయిస్తే రావడానికి నెల పట్టింది.

తాడుకైతే ఆ ఎదురుచూపు లేదు. డైనీమాకి ముడి వేస్తే బలం సగానికి సగం పోతుంది. అందుకని చివరని కన్నులా మడిచి, తాడు పొట్టలోకి దూర్చి అల్లాలి. లోపలికి వెళ్లే పొడవు తాడు లావుకి 72 రెట్లు ఉండాలి. అంటే 5 మిల్లీమీటర్ల తాడుకి 36 సెంటీమీటర్లు. దూర్చిన కొసలో పోగులు ఒక్కొక్కటే కత్తిరించి సన్నం చేయాలి. మొదటిది రెండుసార్లు పాడుచేశాక, రేవులో వలలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. చేతిలోకి తీసుకుని పురి తిప్పి చూశాడు.

"ఇంత తేలిగ్గా ఉంది, తాడేనా బాబూ?"

"తాడే బాబాయ్. నీళ్లలో వేస్తే తేలుతుంది కూడా."

"సరే, ఎంత లోపలికి దూర్చమంటావు?"

జానెడున్నర చూపించాను. వల సూదితో పావుగంటలో ముగించి, కన్నులో కాలి బొటనవేలు పెట్టి రెండు చేతులా లాగి చూపించాడు. మిగతా మూడు కన్నులూ ఆయన పక్కన కూర్చుని నేనే వేశాను. మనవాళ్లకి కాటమరాన్ అంటే గుర్తొచ్చేది తెప్పే. ఆ మాట పుట్టిన తమిళ కట్టుమరం అంటేనే కట్టిన దుంగలు. ఇనుప మేకు లేకుండా తాళ్లతోనే బిగించి సముద్రంలోకి వెళ్లిన పడవ అది. ఈ పని తెలిసిన చేతులు మన రేవుల్లో ఇంకా ఉన్నాయి. నాకిది పెద్ద భరోసా.

తాడుతో తిప్పలు లేకపోలేదు. ఎప్పుడూ బిగువు మీద ఉంచితే మెల్లగా సాగుతుంది, అందుకే 4 మిల్లీమీటర్ల వైరు ఉన్నచోట 5 మిల్లీమీటర్ల తాడు వేశాను. పదునైన అంచు తగిలితే ఒక్కరోజులో కోసుకుపోతుంది. స్టేని తగిలించే ప్లేటు రంధ్రాల అంచులు ఎమరీ కాగితంతో నున్నగా రుద్ది, కన్నులో స్టీలు థింబుల్ (తాడు కోసుకుపోకుండా కన్ను లోపల పెట్టే గాడి వలయం) తప్పక పెట్టాలి. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో ఒండుమట్టంతా పోగుల మధ్య చేరి లోపల అరగదీస్తుంది. మంచినీళ్లతో కడగందే పడవకి కవరు వేయకండి. ఇంకోటి ఎలుకలు. షెడ్డులో పెడితే వలల్లాగే దీన్నీ కొరుకుతాయి. నేను చుట్ట చుట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెడుతున్నాను.

జి.ఐ. వైరు, అంటే జింకు పూత వేసిన ఇనుప వైరు, చవక, తుప్పు కళ్లకు కనిపిస్తుంది కూడా. కానీ ఇంత సన్నటి వైరు మీద జింకు ఉప్పుగాలికి ఎన్నాళ్లో ఆగదు. ప్లాస్టిక్ తొడుగు ఉన్న వైరు అసలే వద్దు, తొడుగు కింద నీరు దాచిపెడుతుంది. నైలాన్ తాడు లంగరుకి మంచిది. సాగే గుణం వల్ల స్టేకి పనికిరాదు.

చివరికి నేను రెండు పక్కల స్టేలూ డైనీమాకి మార్చి, ముందు స్టే మాత్రం 316 వైరే ఉంచాను. జిబ్ (ముందుండే చిన్న) తెరచాప కొక్కేలు దాని మీద పైకీ కిందికీ రాసుకుంటాయి కదా, తాడైతే త్వరగా అరిగిపోతుంది. ఆ వైరు చివరలను నెలకోసారి గుడ్డతో తుడుస్తున్నాను, మూడేళ్లు నిండగానే మరక ఉన్నా లేకున్నా మార్చేస్తాను. అల్యూమినియం మాస్ట్ మీద స్టీలు రివెట్ ఉన్నచోట చుట్టూ తెల్లటి పొడి (అల్యూమినియం తినేస్తున్న గుర్తు) రాలుతోందేమో కూడా అప్పుడే చూస్తాను.

కొత్త తాడుకి అల్లికలు సర్దుకునే దాకా వదులు కనిపిస్తుంది, కంగారు పడకండి. మాకు మొదటి రోజు ఒడ్డుకి వచ్చేసరికి గాలికి వాలు పక్క స్టే ఊగుతోంది. రెండు పక్కలా ప్లేటులో ఒక్కో రంధ్రం కిందికి మార్చాం. మూడో వారానికి ఇంకో రంధ్రం. ఆ తర్వాత కదల్లేదు. ఎడమ పక్క కన్ను దగ్గర ఒక చోట కొంచెం నూగు లేచింది. చూస్తే థింబుల్ అంచు గరుకుగా ఉంది. దాన్ని రుద్ది, ఆ చోట తోలు ముక్క చుట్టి కుట్టేశాను.